బ్రఫ్ సుపీరియర్ వెంట: నాటింగ్‌హామ్ నుంచి టులూజ్ దాకా

బ్రఫ్ సుపీరియర్ ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నగరంలో 1919లో మొదలై, 1940లో ఆగిపోయిన మోటారు సైకిళ్ల కంపెనీ. ఇరవై ఏళ్ల పైచిలుకులో అక్కడ తయారైన బళ్లు సుమారు 3,048. మన దేశంలో పెద్ద కంపెనీలకి అది ఒక రోజు పని కూడా కాదు. అయినా మోటారు సైకిలు చరిత్ర చెప్పుకునేటప్పుడు ఆ పేరు దాటి ముందుకు పోవడం కుదరదు. రెండు ప్రపంచ యుద్ధాల నడిమి కాలంలో డబ్బు పెట్టి కొనుక్కోగలిగిన బళ్లలో వేగానికీ, పనితనానికీ, ఖరీదుకీ అదే ఉదాహరణ. దాన్ని తయారుచేసిన జార్జ్ బ్రఫ్ 1890లో అదే ఊళ్లో పుట్టాడు.

ఆ కంపెనీ ఆనవాళ్లన్నీ ఒక్కచోట లేవు. పుట్టుక నాటింగ్‌హామ్‌లో, పరుగు లండనుకి నైరుతిన ఉన్న బ్రూక్‌ల్యాండ్స్‌లో, లోకమంతా చెప్పుకున్న ప్రమాదం డార్సెట్ పల్లెల్లో, మలి పుట్టుక ఫ్రాన్సులోని టులూజ్‌లో. ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతూ పోతే చరిత్ర కూడా ఆ వరసలోనే ఎదురవుతుంది. గోదావరి డెల్టాలోని రామచంద్రపురం నుంచి వెళ్లినవాళ్లకి ఈ దారి పొడుగునా సొంతూరు గుర్తొస్తూనే ఉంటుంది. అందుకు మూడు కారణాలు: ఒకటి సైకిలు, రెండు కాలవ, మూడు హెల్మెట్.

ర్యాలీ సైకిలు ఊరు

లండను దాటి ఉత్తరానికి పోయేకొద్దీ నేల అలలు అలలుగా లేస్తూ దిగుతూ ఉంటుంది. గోదావరి డెల్టాలో నేల అరిటాకు పరిచినట్టు చదును. చూపు కొబ్బరి తలల దాకా వెళ్లి ఆగుతుంది. ఇక్కడ ప్రతి మిట్ట వెనకా ఇంకో మిట్ట. పొలానికీ పొలానికీ నడుమ మట్టిగట్టు ఉండదు, నడుమెత్తు ముళ్లకంచె ఉంటుంది. గొర్రెలు తల ఎత్తకుండా మేస్తుంటాయి. వాన పడుతున్నట్టు తెలియదు గానీ చొక్కా తడిసి ఉంటుంది.

నాటింగ్‌హామ్ ఎర్ర ఇటిక ఊరు. వరసగా అంటుకుని ఉన్న ఇళ్లు, వాటి మీద పొగగొట్టాలు. ఒకప్పుడు లేసు అల్లికకి ప్రపంచంలో పేరున్న నగరం. ఆ తర్వాత సిగరెట్లు, మందులు, సైకిళ్లు. ఆ సైకిలే మన పల్లెల్లో ర్యాలీ సైకిలు. ఒక తరం గోదావరి జిల్లాల వాళ్లకి పెళ్లిలో అల్లుడికి పెట్టే లాంఛనాల్లో వాచీ, రేడియోల పక్కన నిలబడ్డ వస్తువు అది. రావులపాలెం అవతల జగన్మోహినీ కేశవస్వామి గుడి ఉన్న ర్యాలి గ్రామానికీ ఆ సైకిలుకీ ఏ చుట్టరికమూ లేదు. నాటింగ్‌హామ్‌లో ర్యాలీ అనే వీధిలో పుట్టడం వల్ల సైకిలుకి ఆ పేరొచ్చింది. ఆ కంపెనీ నీడలోనే స్టర్మీ ఆర్చర్ అనే గేర్ల తయారీ సంస్థ పెరిగింది. బ్రఫ్ సుపీరియర్ బళ్లలో చాలావాటికి గేరుబాక్సు ఆ ఇంటిదే. అంటే మన ఊళ్లో పాల క్యాను మోసిన సైకిలుకీ, ఇంగ్లండులో దొరలు మోజుపడ్డ మోటారు సైకిలుకీ మేనరికం లాంటిది ఉంది.

ఈ ఊరి మనుషుల పలకరింపు వింతగా ఉంటుంది. దుకాణంలో చిల్లర ఇచ్చే ఆవిడైనా, బస్సు డ్రైవరైనా, ముక్కూమొహం తెలియనివాణ్ని కూడా ‘డక్’ అని పిలుస్తారు. అక్షరాలా చూస్తే బాతు అని అర్థం. వాళ్లకి అది ‘నాయనా’, ‘అమ్మా’ అన్నంత ఆప్యాయత. మన వైపు ప్రతి మాట చివరా ‘అండి’ తగిలించి, మధ్యలో ‘ఆయ్’ అని ఊకొట్టడం పై ఊళ్ల వాళ్లకి ఎంత వింతో, ఇదీ అంతే. మర్యాద అన్ని ఊళ్లలోనూ ఒకటే. దాన్ని ఏ మాటలో దాచుకుంటారన్నదే తేడా. తిండిలో ఈ ఊరి ప్రత్యేకత ఉడికించి మెదిపిన బఠాణీ మీద పుదీనా పులుసు పోసి ఇచ్చే గిన్నె. శరత్కాలంలో జరిగే గూస్ ఫెయిర్ అనే పెద్ద తిరనాళ్లలో దాన్ని నిలబడి తింటారు. ఉప్పూ కారం వెతుక్కునే నాలుకకి అది చప్పగానే ఉంటుంది గానీ, చలిలో అరచేతుల మధ్య ఆ గిన్నె వేడి బాగుంటుంది.

తండ్రీ కొడుకులు

జార్జ్ తండ్రి విలియం ఎడ్వర్డ్ బ్రఫ్ నాటింగ్‌హామ్‌లోని బాస్‌ఫర్డ్ పేటలో ముందు నుంచే మోటారు సైకిళ్లు కట్టేవాడు. ఆయన ఇష్టపడింది రెండు సిలిండర్లు ఎదురెదురుగా అడ్డంగా పడుకున్న ఇంజన్. కుదుపు తక్కువ, నమ్మకం ఎక్కువ. కొడుక్కి కావలసింది వేరు: ఇంగ్లీషు ‘వి’ అక్షరంలా నిలబడ్డ రెండు సిలిండర్లు, దాదాపు 1,000 సిసి, చూడగానే ఆగి చూడాలనిపించే రూపం. జార్జ్ మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే దూరపు పోటీల్లో తండ్రి బండి తోలి బహుమతులు తెచ్చినవాడు. బండిలో ఏం ఉండాలో, ఏం ఉండకూడదో అతనికి ఆ రోడ్ల మీదే తెలిసింది.

ఇద్దరికీ పొసగలేదు. 1919లో జార్జ్ తన వాటా తీసుకుని విడిపోయి, అదే ఊళ్లో హేడన్ రోడ్డులో సొంత షెడ్డు వేసుకున్నాడు. ఇంటిపేరు ఒకటే కావడంతో బండికి ఏ పేరు పెట్టాలన్న చిక్కొచ్చింది. స్నేహితుడొకడు ‘సుపీరియర్’ తగిలించమన్నాడు. ఆ మాట విన్న తండ్రి ‘అయితే నాది నాసిరకమా’ అన్నాడని నాటింగ్‌హామ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆస్తి పంపకాలయ్యాక అన్నదమ్ములు ఎదురెదురుగా ఒకే సరుకు కొట్టు పెట్టుకున్న ఊళ్లు గోదావరి జిల్లాల్లో తక్కువేం కాదు. ఈ కథ ఇక్కడివాళ్లకి వివరించి చెప్పనక్కర్లేదు. కొన్నేళ్లలో తండ్రి కంపెనీ మూతపడింది, కొడుకుది నిలబడింది.

హేడన్ రోడ్డు ఇప్పుడు మామూలు వీధి. తెలిసి వెతికితే తప్ప అక్కడ ఒకనాడు ఏం జరిగిందో ఊహించడం కష్టం.

బండి కట్టిన తీరు

బ్రఫ్ సుపీరియర్‌లో అందరూ ఆశ్చర్యపోయే సంగతి ఒకటుంది: ఆ బండిలో జార్జ్ బ్రఫ్ సొంతంగా పోతపోసింది చాలా తక్కువ. ఇంజన్ లండను శివారు టాటెన్‌హామ్‌లోని జాప్ సంస్థది. ఆ తర్వాతి కాలంలో మ్యాచ్‌లెస్ కంపెనీది. గేర్లు స్టర్మీ ఆర్చర్‌వి. మాగ్నెటో, కార్బ్యురేటర్, దీపాలు ఒక్కోటీ ఒక్కో చోటి నుంచి వచ్చేవి. ఎక్కడెక్కడి మేలిరకం సామానో తెప్పించి, ఒక మనిషి కంటికి నచ్చేదాకా అమర్చడమే ఆ షెడ్డులో జరిగిన పని.

దీన్ని తక్కువచేసి చూడనక్కర్లేదని ఎడ్లబండి కట్టే వడ్రంగిని ఎరిగినవాళ్లకి తెలుస్తుంది. అతను చెట్టు పెంచడు, ఇనుము కరిగించడు. చక్రం ఆకులకి ఏ కర్ర, ఇరుసుకి ఏ ఇనుము, పట్టా ఎంత వేడిలో ఎక్కించాలి, ఆ రైతు ఎడ్ల ఎత్తుకి కాడి ఎక్కడ ఉండాలి అన్నది చూస్తాడు. సీల బిగించాక బండి మీద అతని పేరు ఉంటుంది. జార్జ్ బ్రఫ్ చేసిందీ అదే. కొనేవాడి చేతుల పొడుగుని బట్టి హ్యాండిల్ వంపు మారేది. అడిగితే అడిగినట్టు అమర్చి ఇచ్చేవారు. ఆ బళ్లలో అచ్చంగా ఒకేలా ఉన్న జంటని వెతకడం కష్టం.

దగ్గర నిలబడి చూడవలసింది పెట్రోలు ట్యాంకు. ఆ రోజుల్లో మామూలు బళ్ల ట్యాంకు రెండు గొట్టాల మధ్య ఇరికించిన రేకు డబ్బా. బ్రఫ్ ట్యాంకు అలా కాదు. ముందు ముక్కు గుండ్రంగా ఉబ్బి, సీటు వైపు వచ్చేసరికి సన్నబడి, పై గొట్టం మీద జీనులా కూర్చుంటుంది. రేకుని ముక్కలుగా కత్తిరించి, వంచి, అతికి, అతుకు కనిపించకుండా రాకి, పైన నికెల్ పూత పూసేవారు. ఆ పూతలో ఎదుటి మనిషి మొహం, వెనకున్న కిటికీ, పైనున్న మబ్బు అన్నీ కనిపిస్తాయి. పక్కనున్న గీత నల్లగా, సన్నగా, చేత్తో లాగినది. ఇంజన్ ఊరుకున్నప్పుడు కూడా కదులుతున్నట్టుండే వంపు అది. మన ఊళ్లో ఇత్తడి బిందె చింతపండుతో తోమి ఎండలో బోర్లించినప్పటి మెరుపు తెలిసినవాళ్లు దాన్ని చూసి అరక్షణం ఆగుతారు.

ఈ బళ్లని ‘మోటారు సైకిళ్లలో రోల్స్ రాయిస్’ అని మొదట రాసింది ఒక ఇంగ్లీషు మోటారు సైకిళ్ల పత్రిక. జార్జ్ ఆ మాటని ప్రకటనల్లో వాడుకున్నాడు. రోల్స్ రాయిస్ వాళ్లు ఊరుకోక తమ మనిషిని పంపారట. అతను వచ్చిన రోజు షెడ్డులో పనివాళ్లు తెల్లటి గ్లోవ్స్ తొడుక్కుని, ప్రదర్శనకి పోయే బళ్ల మీద వేలిముద్ర పడకుండా బిగిస్తున్నారట. చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడని, ఆ తర్వాత అభ్యంతరం రాలేదని కథ. అందులో ఎంత నిజమైనా, ఆ మాట మాత్రం చివరిదాకా ప్రకటనల్లో నిలిచింది.

మాటలకన్నా గట్టిది పూచీకత్తు. 1922లో వచ్చిన ఎస్‌ఎస్ 80 గంటకి 80 మైళ్లు, అంటే సుమారు 129 కిలోమీటర్లు పోతుందనీ, 1924లో వచ్చిన ఎస్‌ఎస్ 100 గంటకి 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు పోతుందని కాగితం మీద రాసి ఇచ్చేవారు. పేరులో ఉన్న అంకె కొలిచి చూసిన వేగం. 1925లో ఎస్‌ఎస్ 100 ధర 170 పౌండ్లు. ఒక మామూలు కార్మికుడు ఏడాది పాటు పని చేస్తే చేతికొచ్చే డబ్బు దాదాపు అంత. ఎస్‌ఎస్ 100లు అన్నీ కలిపినా నాలుగు వందలు దాటలేదు.

కాంక్రీటు గిన్నె

పూచీ ఇచ్చిన వేగం పరీక్షించడానికి ఇంగ్లండులో ఒక చోటు ఉండేది. సర్రే జిల్లాలో వేబ్రిడ్జి పక్కన 1907లో కట్టిన బ్రూక్‌ల్యాండ్స్ పందెపు బాట అది. రెండు మైళ్ల ముప్పావు చుట్టు. మలుపుల దగ్గర రోడ్డు గిన్నె అంచులా పైకి లేస్తుంది. 1939లో యుద్ధం మొదలయ్యాక పందేలు ఆగాయి. ఆ స్థలం విమానాల తయారీకి పోయింది. ఇప్పుడు కొంత మేర ఆ వాలు మిగిలింది, పక్కనే మ్యూజియం ఉంది. పగుళ్లలో నాచు, అంచుల్లో చెట్లు. కింద నిలబడి తలెత్తితే మూడంతస్తుల మేడ గోడ మీద బండి తోలారా అనిపిస్తుంది.

జార్జ్ బ్రఫ్ 1922లో తన సొంత బండి ‘ఓల్డ్ బిల్’ మీద ఇక్కడే గంటకి 100 మైళ్ల చుట్టు వేశాడు. సైడ్ వాల్వు ఇంజన్‌తో ఆ వేగం అందుకున్న మొదటి బండి అదేనని లెక్క. మొదటి ప్రపంచ యుద్ధంలో బురద కందకంలో కూర్చుని గొణిగే మీసాల సిపాయి బొమ్మ ఒకటి పత్రికల్లో వచ్చేది. ఆ సిపాయి పేరే బండికి పెట్టాడు. ఆ ఏడాదీ మరుసటేడూ కలిపి 52 పందేల్లో 51 గెలిచాడు. 52వ దాంట్లో టైరు పేలి జార్జ్ కింద పడితే, బండి ఒంటరిగా ముందుకు పోయి గీత దాటిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ బాట మీద మోటారు సైకిలు వేగంలో చివరి మాట కూడా బ్రఫ్‌దే. 1939 జులైలో నోయెల్ పోప్ అనే పందెగాడు బ్రఫ్ సుపీరియర్ మీద గంటకి 124.51 మైళ్ల సగటున చుట్టు వేశాడు. రెండు నెలలకి యుద్ధం వచ్చింది, బాట మూతపడింది. ఇక దాన్ని ఎవరూ దాటలేరు. అంతకు రెండేళ్ల ముందు, 1937లో, ఎరిక్ ఫెర్నిహో అనే ఇంకో పందెగాడు హంగేరీలోని గ్యోన్ రోడ్డు మీద బ్రఫ్‌తోనే గంటకి సుమారు 273 కిలోమీటర్ల ప్రపంచ రికార్డు పెట్టాడు. అదే ఏడాది చివరికి ఆ రికార్డు జర్మనీ బిఎండబ్ల్యూ చేతికి పోయింది. తిరిగి తెచ్చుకోవాలని 1938లో ఫెర్నిహో అదే రోడ్డుకి వెళ్లి, అక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు.

బ్రూక్‌ల్యాండ్స్‌లో ఆదివారాలు పాత బళ్లు తెచ్చేవాళ్ల మర్యాద చూడముచ్చటగా ఉంటుంది. లక్షల ఖరీదు చేసే బండి పక్కన మడత కుర్చీ వేసుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుంటూ కూర్చుంటారు. బండి చుట్టూ తిరిగి చూస్తే ఏమీ అనరు. ముట్టుకోబోతే నవ్వుతూ ‘సారీ’ అంటారు. తప్పు అటువైపుదైనా క్షమాపణ ఇటువైపు నుంచే. ఇంజన్ గురించి ఒక్క ప్రశ్న వేస్తే మాత్రం గంట సేపు వదలరు. ద్రాక్షారామం వీధి అరుగు మీద కూర్చున్న పెద్దాయన్ని భీమేశ్వరుడి గుడి గురించి అడిగినట్టే.

అక్కడికి కొద్ది దూరంలో, అదే సర్రే జిల్లాలో డార్కింగ్ అనే ఊరుంది. మోటారు సైకిళ్లతో ఆ ఊరికి పనిలేదు. అయినా గోదావరి మనిషి ఇంత దూరం వచ్చి అక్కడ ఆగకుండా పోలేడు. సర్ ఆర్థర్ కాటన్ చివరి రోజులు ఆ ఊళ్లో గడిపి 1899లో కన్నుమూశాడు, సమాధి అక్కడే. ఆయన 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి తవ్విన కాలవల నీటి మీదే రామచంద్రపురం చుట్టుపక్కల చేలు రెండు పంటలు పండుతున్నాయి. సమాధి చాలా సాదాగా ఉంటుంది. ఇటు పక్క మైళ్లలో వేగం కొలిచిన బాట, అటు పక్క ఎకరాల్లో నీళ్లు కొలిచిన మనిషి. బ్రఫ్, కాటన్ అనే ఇద్దరు ఇంగ్లీషు ఇంజనీరింగ్ మనుషుల పనిలో ఒకటి సుమారు మూడు వేల మందికి అందింది, ఇంకోటి లక్షల మందికి. అయినా రెండింటి వెనకా ఉన్న పట్టుదల ఒకే రకం: అంకె రాసి, ఆ అంకెకి కట్టుబడడం.

బోవింగ్టన్ రోడ్డు

డార్సెట్ ఇంగ్లండు దక్షిణపు ఒడ్డు మీది జిల్లా. ఊదారంగు పొదల బీడు నేల, ఇసక మట్టి, గడ్డి కప్పుల ఇళ్లు. ఇక్కడ తాటాకు బదులు రెల్లుగడ్డి కప్పుతారు. కప్పు మందం మోకాలెత్తు ఉంటుంది. మధ్యాహ్నం టీ తోపాటు స్కోన్ అనే మెత్తటి రొట్టెముక్క, దాని మీద పళ్ల పాకం, గట్టిపడ్డ మీగడ పెడతారు. చల్ల కుండ మీద మీగడ తీసి బెల్లం అద్దుకుని తిన్న నోటికి ఆ జత కొత్త కాదు.

బోవింగ్టన్ సైనిక శిబిరం నుంచి క్లౌడ్స్ హిల్ అనే చిన్న ఇంటికి పోయే రోడ్డు మీద 1935 మే 13న ఒక ఎస్‌ఎస్ 100 పడిపోయింది. తోలుతున్నది టి.ఇ. లారెన్స్. మొదటి ప్రపంచ యుద్ధంలో అరబ్బుల తిరుగుబాటులో పాల్గొని ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపడ్డవాడు. పేరు భరించలేక పేరు మార్చుకుని, మామూలు సిపాయిగా వైమానిక దళంలో చేరినవాడు. 1927 నుంచి 1929 మొదలుదాకా అతను అప్పటి మన దేశంలోనే, కరాచీలోనూ, వాయవ్య సరిహద్దు మిరాన్షాలోనూ పనిచేశాడు.

లారెన్స్ దగ్గర ఒకదాని తర్వాత ఒకటిగా ఏడు బ్రఫ్ సుపీరియర్లు ఉండేవి. ఎనిమిదోది తయారవుతూ ఉంది. ప్రతిదానికీ ‘బోయనర్జెస్’ అని పేరు. ఉరుము కొడుకులని అర్థం, బైబిల్లోని మాట. తయారుచేసినవాడి మీద గౌరవంతో వాటిని ఒకటో జార్జ్, రెండో జార్జ్ అని రాజుల్లా లెక్కపెట్టేవాడు. ‘ద మింట్’ అనే తన పుస్తకంలో ఒక విమానంతో పోటీపడి ఆ బండి తోలిన రోజుకి ఒక అధ్యాయమే ఇచ్చాడు.

ఆ రోజు లారెన్స్ శిబిరం తపాలా కార్యాలయంలో తంతి ఇచ్చి ఇంటికి తిరిగొస్తున్నాడు. రోడ్డు ఒకచోట పల్లంలోకి దిగి లేస్తుంది. ఆ పల్లం అవతల సైకిళ్ల మీద ఇద్దరు కుర్రాళ్లు. వాళ్లని తప్పించబోయి పడ్డాడు. తలకి దెబ్బ. తలమీద ఏ రక్షణా లేదు. ఆ రోజుల్లో పందేల్లో తప్ప అలాంటిది పెట్టుకునే అలవాటు లేదు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి, మే 19న బోవింగ్టన్ సైనిక ఆసుపత్రిలో పోయాడు. వయసు 46. దగ్గరి మోర్టన్ గ్రామంలో సమాధి చేశారు, చర్చిల్ వచ్చాడు. ఆ ఊరి చర్చి కిటికీల రంగు అద్దాలు తర్వాత యుద్ధంలో బాంబుకి పోతే, వాటి చోట లారెన్స్ విస్లర్ అనే కళాకారుడు తెల్లటి అద్దం మీద గీసి చెక్కిన బొమ్మలు పెట్టారు. మధ్యాహ్నం వెలుతురు వాటిలోంచి రంగు లేకుండా, మంచులా పడుతుంది.

ఈ రోడ్డు దగ్గర బండి కథ ఆగి, ఇంకో కథ మొదలవుతుంది. లారెన్స్‌ని చూడటానికి వచ్చిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ ఉన్నాడు. ఆస్ట్రేలియాలో పుట్టిన మెదడు శస్త్రవైద్యుడు. ఆ మరణం ఆయన్ని వదల్లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం మోటారు సైకిళ్ల మీద కబుర్లు పంపేది. దీపాలార్పిన రోడ్ల మీద కుర్రాళ్లు తలలు పగిలి చచ్చిపోయేవారు. యుద్ధం మొదలైన 21 నెలల్లో 2,279 మంది మోటారు సైకిళ్ల వాళ్లు, వెనక కూర్చున్నవాళ్లు రోడ్డు ప్రమాదాల్లో పోయారని కెయిర్న్స్ లెక్క చూపాడు. తలకి టోపీ ఉన్నవాళ్లకి తగిలిన దెబ్బలు ఎంత తేలికగా ఉన్నాయో 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. ఆ ఏడాదే సైన్యం డ్యూటీ మీద బండి తోలే ప్రతివాడూ హెల్మెట్ పెట్టుకోవాలని ఆజ్ఞ ఇచ్చింది. బ్రిటన్‌లో అందరికీ చట్టం 1973లో వచ్చింది. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ అదే చెబుతుంది.

ఆగిపోయిన పని

జార్జ్ బ్రఫ్ 1930లలో కొత్త దారులు వెతికాడు. 1932లో ఆస్టిన్ కారు ఇంజన్ పెట్టి, వెనక రెండు చక్రాలు దగ్గరదగ్గరగా అమర్చిన నాలుగు సిలిండర్ల బండి చేశాడు. పది మాత్రమే తయారయ్యాయి. 1938 లండను ప్రదర్శనలో ‘గోల్డెన్ డ్రీమ్’ పెట్టాడు. నాలుగు సిలిండర్లు అడ్డంగా పడుకున్న ఇంజన్ అది. ఒకప్పుడు తండ్రి పట్టుపట్టిన పడుకున్న సిలిండర్లకే కొడుకు చివరికి తిరిగొచ్చాడు. అది అమ్మకానికి వచ్చేలోపు యుద్ధం వచ్చింది.

1940లో మోటారు సైకిళ్ల పని ఆగింది. హేడన్ రోడ్డు షెడ్డులో రోల్స్ రాయిస్ మెర్లిన్ విమాన ఇంజన్లకి విడిభాగాలు చేశారు. ఒకనాడు పేరు వాడుకుంటే తనిఖీకి వచ్చిన సంస్థకే ఇప్పుడు పని చేసిపెట్టారు. యుద్ధం ముగిశాక బండి మళ్లీ మొదలు కాలేదు. తగిన ఇంజన్ అమ్మేవాళ్లు లేరు. అన్నీ బయటి నుంచి తెచ్చి అమర్చే పద్ధతికి ఉన్న బలం ఏదో, బలహీనత కూడా అదే. అమర్చే చెయ్యి ఉంది, అమర్చడానికి సామాను లేదు. జార్జ్ బ్రఫ్ 1970లో పోయాడు. ఇంగ్లండులో రాయల్ ఎన్‌ఫీల్డ్ తయారీ ఆగింది కూడా ఆ ఏడాదే. కానీ ఎన్‌ఫీల్డ్ 1955లోనే మద్రాసులో వేరుపట్టింది. సైన్యానికీ, పోలీసులకీ, ఆ తర్వాత గట్టు మీద పొలం చూడబోయే రైతుకీ బుల్లెట్ అలవాటైంది. ఒక్క సిలిండరు, తేలికగా దొరికే సామాను, ఏ ఊరి మెకానిక్ అయినా విప్పి బిగించగల ఇంజన్. బ్రఫ్ ఉత్తమమైన బండి. బతికింది మాత్రం బాగుచేసుకోగల బండి.

బోడ్మిన్ కొట్టం, టులూజ్ కాలవ

బ్రఫ్ బళ్ల విలువ మాత్రం చావలేదు. కార్న్‌వాల్‌లోని బోడ్మిన్ బీడు నేలల్లో ఒక కొట్టంలో యాభై ఏళ్లకి పైగా దుమ్ము కొట్టుకుపోయిన ఎనిమిది బ్రఫ్ సుపీరియర్లు బయటపడి, 2016లో వేలానికి వచ్చాయి. వాటిలో ఆస్టిన్ ఇంజన్ బండి విడిభాగాల రూపంలో ఉన్నా 3,31,900 పౌండ్లు పలికింది. ఇలాంటి బళ్లని తిరిగి రోడ్డెక్కించడానికి 1958 నుంచి ఒక యజమానుల సంఘం పనిచేస్తోంది. తయారైనవాటిలో దాదాపు మూడో వంతు మిగిలాయని అంచనా.

కంపెనీ పేరు 2008లో చేతులు మారింది. 2013లో ఫ్రెంచి రూపశిల్పి థియరీ ఆన్రియెట్ కొత్త ఎస్‌ఎస్ 100 నమూనా గీశాడు. టులూజ్ శివార్లలో చేత్తో అమర్చే పని మొదలైంది. ఇంజన్ 997 సిసి, రెండు సిలిండర్లు, ‘వి’ అక్షరంలాగే. పాత అలవాటు మారలేదు: కొన్ని బళ్లే, ఎక్కువ ధర, కొన్నవాడి కోరిక ప్రకారం రంగూ తోలూ. 2019లో ఆస్టన్ మార్టిన్‌తో కలిసి రోడ్డు మీద కాక పందెపు బాట మీద మాత్రమే తోలే బండి ఒకటి ప్రకటించారు. దాన్ని 100కి మించి తయారుచేయబోమన్నారు.

టులూజ్ గులాబీ రంగు ఇటికల ఊరు. సాయంత్రం ఎండ పడితే గోడలు చెంగల్వ రంగు తిరుగుతాయి. ఇక్కడి వంట కసూలే: తెల్ల చిక్కుడు గింజలు, బాతు మాంసం మట్టి పాత్రలో గంటల తరబడి ఉడికిస్తారు, పైన కట్టిన పొరని మళ్లీ మళ్లీ లోపలికి తోస్తారు. సన్న సెగ మీద పులస పులుసు మరగబెట్టే ఓపిక లాంటిదే. ఊరి మధ్య నుంచి కనాల్ దు మిది పారుతుంది. 1681లో పూర్తయిన ఈ కాలవకి రెండు గట్ల మీదా వరసగా చెట్లు, నీళ్లలో వాటి నీడలు, గట్టు మీద సైకిళ్లు. పడవలు ఎత్తుపల్లాలు దాటడానికి లాకులు. లాకు మాట వినగానే గోదావరి మనిషి తల తిప్పుతాడు. మన డెల్టా కాలవల మీద లాకులు పడవల కోసమే కట్టారు. ధాన్యం, కొబ్బరికాయలు, మనుషులు నీటి మీదే పోయేవారు. రోడ్డొచ్చాక పడవ పోయింది, లాకు పేరు మిగిలింది. టులూజ్ వాళ్లు సరుకు పడవలు పోయినా కాలవని పోనివ్వలేదు, విహారానికి నిలుపుకున్నారు. 

తిరుగు దారి

బ్రఫ్ సుపీరియర్ గొప్ప బండి. అందులో సందేహం లేదు. కానీ 3,048 బళ్లు ఎంత మందికి అందుతాయి? రామచంద్రపురం నుంచి ద్రాక్షారామం పోయే రోడ్డు మీద సాయంత్రం అరగంట నిలబడితే బుల్లెట్లు కనిపిస్తాయి, స్కూటర్లు కనిపిస్తాయి, ధాన్యం బస్తా అడ్డంగా వేసుకున్న పాత హీరో హోండా కనిపిస్తుంది. బ్రఫ్ కనిపించదు. అయితే ఆ బండి మీంచి పడ్డ మనిషి చావుతో అవసరం తెలిసిన వస్తువు మాత్రం ఆ రోడ్డు మీద ఉంటుంది. కొందరి తలమీద, చాలామందికి ట్యాంకు మీదా, మోచేతికీ. పోలీసు కనపడితే తలకెక్కుతుంది, దాటగానే దిగుతుంది.

లారెన్స్ పల్లంలోకి దిగేటప్పటికే వేల మైళ్లు తోలిన చేయి అది. రోడ్డు రోజూ పోయేదే, ఇల్లు దగ్గరే. మన ఊళ్లో హెల్మెట్ ట్యాంకు మీద పెట్టేవాడు చెప్పే కారణం కూడా అదే. ఇల్లు ఇక్కడే కదా అంటాడు. హెల్మెట్ తలకే పెట్టుకోండి.